పళ్ళూడిన మాట

"కెమెరా అన్నారండీ! నా చెవులతో నేను విన్నాను."

"కెమెరా కాదు, కాకరకాయా కాదు. ‘ఆమేరా’ అన్నారు. చెవులు నాకూ ఉన్నాయి."

"ఉన్నాయిలేమ్మా, వాటిలో దూదీ ఉంది."

"చెవిపోటుకి పెట్టుకున్నానయ్యా. అదీ ఒక్క చెవిలోనే. రెండోది ఖాళీయే!"

కుక్కల చర్మవ్యాధుల ఆస్పత్రి ముందుగదిలో కాంపౌండరూ, ఊడ్చే ఆవిడా మధ్యన చీపురుకట్ట పెట్టుకుని ఒక్క మాట కోసం పోట్లాడుకుంటున్నారు. ఆ మాట అన్న డాక్టరుగారు పెద్దాస్పత్రిలో స్పృహ లేకుండా పడి ఉన్నాడు. పొద్దున్నే ఎవరో ఆయన్ని తోసేశారు. ఇనపబల్ల అంచు మూతికి తగిలింది. వీళ్ళిద్దరూ వచ్చి లేవనెత్తేసరికి ఆయన ఒక్క మాట అని కళ్ళు మూసేశాడు. అన్నది ఒక మాట, విన్నది ఇద్దరు, వినబడినవి రెండు.

గుమ్మంలో నిలబడి ఇదంతా విన్న మూడోమనిషి ప్రైవేటు డిటెక్టివు. అతని కళ్ళజోడు అద్దాలు సోడాబుడ్డి అడుగుల్లా ఉంటాయి. అందుకని అందరూ అతన్ని దుర్భిణి అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే అతనే వెనక్కి తిరిగి ఎవరా అని చూస్తాడు.

"లోపలికి రావచ్చా?"

"వచ్చాక అడగడమెందుకు?" అంటూ లోపలిగదిలోంచి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఈ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడదు. ఇన్‌స్పెక్టరు పట్టుకున్నవాళ్ళని దుర్భిణి విడిపించడం, దుర్భిణి పట్టుకున్నవాళ్ళ ఫోటోలు ఇన్‌స్పెక్టరు పక్కన పేపర్లో పడడం చాలాకాలంగా జరుగుతున్న తంతే. ఇన్‌స్పెక్టరు యూనిఫాం చేతిమీది లేతరంగు వెంట్రుకల్ని ఒక్కొక్కటీ గిల్లి పారేస్తున్నాడు. "ఏం దుర్భిణీ, ఏమైనా కనబడుతోందా?"

"ఇంకా లేదు సార్. వినబడుతోంది."

"వినడానికి మిగిలిందేమీ లేదు. కేసైపోయింది. ముందు కెమెరా అన్నాడు కాంపౌండరు. కెమెరా విప్పిస్తే లోపల డొల్ల. దొంగల్ని భయపెట్టడానికి ఖాళీడబ్బా బిగించాడట మహానుభావుడు. కెమెరా పోతే మిగిలింది ‘ఆమే రా’. ఆమె అంటే ఎవరో నేను చెప్పాలా? మీ మేనత్త!"

దుర్భిణి వచ్చింది ఆ మేనత్త ఫోను చేస్తేనే. ఆవిడ ఇంట్లోనే జాతికుక్కల్ని పెంచి పిల్లల్ని అమ్ముతుంది. అల్లుడు వరసవాడికీ, అల్లుడు కానివాడికీ అందరికీ ఆవిడ పప్పీలత్తే.

"ఆధారం?"

"నిన్న సంఘం మీటింగులో హాలు నిండా జనం వింటుండగా, డాక్టరు తోలు వలుస్తానంది."

"తోలు డాక్టరుతో తోలు గురించే కదా సార్ మాట్లాడతారు!"

"నవ్వు. పదకొండింటికి మళ్ళీ మీటింగుంది. అక్కడే, అందరిముందూ అరెస్టు చేస్తాను. ఆవిడ కుక్కలన్నిటినీ ఎత్తుకుపోవడానికి వ్యాను కూడా చెప్పాను." ఇన్‌స్పెక్టరు మరో వెంట్రుక గిల్లాడు.

"జుట్టు రాలుతోందా సార్?"

"నాది కాదు. ఇంట్లో కొత్తచుట్టం దిగింది."

"ఇంత తెల్లజుట్టంటే పెద్దవారై ఉండాలి."

"చిన్నవారే. నీకెందుకు మా ఇంటి సంగతి?" అని ఇన్‌స్పెక్టరు బయటికి నడిచాడు.

దుర్భిణి లోపలిగదిలోకి వెళ్ళాడు. గది మధ్యన ఇనపబల్ల. అంచుమీద రక్తం ఎండిపోయింది. గోడవారగా బోనులు వరసగా ఉన్నాయి. అన్నీ మూసి ఉన్నాయి, చివరిది తప్ప. దాని తలుపు విరగ్గొట్టలేదు, గడియ తీసి ఉంది. లోపల నీళ్ళగిన్నె ఒలికి, పరిచిన గుడ్డ తడిసింది. కిటికీలకి మందపాటి నల్లటి తెరలు. బల్లమీద చేతిపిడి ఉన్న దీపం ఒకటి, నీలంగాజుది.

"తెరలు నువ్వు వచ్చేసరికి తీసున్నాయా, వేసున్నాయా?" అన్నాడు కాంపౌండరుతో.

"వేసున్నాయండి. దీపం వెలుగుతోంది. నేనే ఆర్పాను. అది చర్మం చూసే దీపం. గది చీకటి చేసుకుని చూస్తారు."

"అయితే తోసేసేముందు ఆయన ఎవరి చర్మమో చూస్తున్నారు. ఆ చివరి బోనులో ఎవరుండేవారు?"

"కుక్కపిల్లండి. తెల్లది. ఎవరో కొనుక్కున్నవాళ్ళు, బొచ్చు రాలిపోతోందని నిన్న సాయంత్రం తెచ్చి వదిలెళ్ళారు. చెవి దగ్గరా, ముక్కుమీదా గుండ్రంగా బోడి అయిపోయింది. డాక్టరుగారు చూసి, ‘రేపు మీటింగులో మాట్లాడాల్సింది నేను కాదండీ, ఈ కూనగారు’ అన్నారు. పొద్దున్న చూస్తే కూనగారు లేరు."

"కూన... గారా?"

"ఆయన అందరినీ అలాగే అంటారండి. నన్ను మీరంటారు. ఈవిణ్ణి మీరంటారు. చెయ్యి కొరికిన కుక్కని కూడా ‘తమరు కాస్త ఓపిక పట్టాలి’ అంటారు. నోట్లోంచి నువ్వు అన్న మాట నేను ఇంతవరకూ వినలేదు."

దుర్భిణి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అతను బాగా ఆలోచించేది కళ్ళజోడు లేనప్పుడే. ఏమీ కనబడదు కాబట్టి బుర్ర అటూ ఇటూ చూడదు.

"అమ్మా, నువ్వు చెప్పు. ఆయన అన్నది మొత్తం ఎలా అన్నారు?"

ఊడ్చే ఆవిడ చీపురు గోడకి ఆనించింది. "నేను ‘ఏమైంది బాబూ, ఎవరు బాబూ’ అని అడిగాను. ఆయన ‘ఆమేరా... చూడండి’ అన్నారు. అంతే, తల వాల్చేశారు."

"కెమెరా చూడండి, అన్నారండీ. చూడమనేది కెమెరానే కదా?" అన్నాడు కాంపౌండరు పట్టువదలకుండా.

"కెమెరా డబ్బా ఎవరు బిగించారు?"

"ఆయనే. నేను స్టూలు పట్టుకున్నాను."

"డొల్ల అని ఆయనకి తెలుసు. మరి దాన్ని చూడమని ఎందుకంటారు?"

దుర్భిణి బల్లకింద వంగి చూసి లేచాడు.

"పళ్ళేమయ్యాయి?"

"మీకెలా తెలుసండీ? పైవరస ముందుపళ్ళు రెండూ ఊడాయి. ఇన్‌స్పెక్టరుగారు కవర్లో వేసుకుని, ‘ఇది పన్ను ఎగ్గొట్టిన కేసు’ అని నవ్వుకున్నారు."

"బల్ల అంచుకి మూతి తగిలితే పళ్ళు మిగలవు. ఇన్‌స్పెక్టరుగారు పన్ను వసూలు చేసుకున్నారు గానీ రసీదు చదవలేదు." దుర్భిణి నీలం దీపాన్ని చంకలో పెట్టుకున్నాడు. "మీటింగుకి మీరిద్దరూ కూడా రండి. ఇక్కడున్న నల్లతెరలు కూడా మడిచి తీసుకురండి."

సంఘం హాలు అదే వీధిలో చివర ఉంది. కుక్కల్ని పెంచి అమ్మేవాళ్ళ సంఘం అది. గొడవంతా గుర్తింపు గురించి. పెంపకందార్లకి గుర్తింపు తప్పనిసరి చెయ్యాలని సంఘం ప్రెసిడెంటు అంటాడు. గుర్తింపు లేనివాళ్ళు పిల్లల్ని అమ్మకూడదు. గుర్తింపు ఇచ్చేదెవరంటే, ఇంకెవరు, ప్రెసిడెంటే. ఇంట్లో నాలుగు కుక్కల్ని పెంచుకుని బతికేవాళ్ళు ఏమైపోవాలని పప్పీలత్త అడుగుతుంది. డాక్టరు మాత్రం ఇద్దరికీ నచ్చని మాట చెప్పాడు. గుర్తింపు కావాల్సిందే, కానీ సంఘంలో లేనివాళ్ళు ఇవ్వాలి, ఇచ్చేముందు ప్రతి కుక్క చర్మం పరీక్ష చెయ్యాలి, ఆ పరీక్ష ప్రెసిడెంటుగారి కుక్కల కెనెల్‌తోనే మొదలుపెట్టాలి, ఆ పైన పప్పీలత్తగారి ముడతలమూతి కుక్కల మడతల్లో పుళ్ళు పడుతున్నాయి, అలాంటివాటిని ఈనించడం మానాలి అన్నాడు. అప్పుడే పప్పీలత్త తోలు మాట ఎత్తింది.

దుర్భిణి వెళ్ళేసరికి ఆవిడ ముందువరసలో, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"వచ్చావట్రా? నన్ను తీసుకెళ్తే తీసుకెళ్ళారు. నా పిల్లల్ని వ్యానులో పడేస్తారట. ఆ ముసలిదానికి చూపు లేదు. కొత్తచోట తిండి ముట్టదు. మూడోరోజుకి పోతుంది."

"పొద్దున్న ఎక్కడున్నావత్తా?"

"ఇంట్లో. అందరికీ స్నానాలు చేయిస్తున్నాను."

"చూసినవాళ్ళు?"

"పదముగ్గురున్నారు. ఒక్కడికీ మాటలు రావు."

"డాక్టరు మీద కోపమా?"

"కోపమేరా! ఉన్నమాట అంటే కోపం రాదూ? రాత్రంతా నిద్రపట్టలేదు. మడతలు విప్పి చూస్తే ఎర్రగానే ఉన్నాయి. పొద్దున్న స్నానాలు ఎందుకనుకున్నావు మరి?" ఆవిడ గొంతు తగ్గించింది. "ఆయన బతుకుతాడా?"

"బతుకుతారన్నారు. లేచేదాకా ఆగడానికి ఇన్‌స్పెక్టరుకి ఓపిక లేదు."

ప్రెసిడెంటు వేదికమీద ఉన్నాడు. తెల్లని చొక్కా, ఇస్త్రీ మడత చెదరలేదు. ఫ్యాన్లు సరిగ్గా తిరగని హాల్లో అందరూ చేతులు మోచేతులదాకా మడుచుకుని విసురుకుంటుంటే, ఆయన మాత్రం ముంజేతి గుండీ దాకా పెట్టుకున్నాడు. దుర్భిణి దగ్గరికి వెళ్ళి నమస్కారం పెట్టాడు.

"పొద్దున్న తమరు డాక్టరుగారి దగ్గరికి వెళ్ళారా?"

"నేనెందుకు వెళ్తాను? ఆయన నామీద ఎన్ని అన్నా నేను ఒక్క మాట అనలేదు. అడగండి ఎవర్నైనా. నా కుక్కలకి మచ్చ లేదు, నా పేరుకి మచ్చ లేదు, నా జీవితానికే మచ్చ లేదు."

"మూడు మచ్చలు లేవన్నమాట. రాసుకుంటాను," అని దుర్భిణి కాగితం కూడా లేని జేబు తడుముకున్నాడు.

పదకొండయింది. ఇన్‌స్పెక్టరు ఇద్దరు పోలీసుల్తో ముందుకొచ్చి, గొంతు సవరించుకుని, డాక్టరు ఆఖరున అన్న మాట ‘ఆమే రా’ అనీ, ఆమె ఈమేననీ పప్పీలత్త వైపు వేలు చూపించాడు. హాలు గొల్లుమంది. ఆవిడ లేచి నిలబడింది.

"ఒక్క నిమిషం సార్," అన్నాడు దుర్భిణి. "‘ఆమే రా... చూడండి’. రా అన్న నోటితోనే అండీ అంటారా ఎవరైనా? ఒక చేత్తో చెంపదెబ్బ కొట్టి రెండోచేత్తో దండం పెట్టినట్టుంది. పైగా ఆ డాక్టరుగారు కుక్కని కూడా రా అనరు."

"అయితే కెమెరా అను! అదీ డొల్లేగా!"

"కెమెరా కూడా కాదు. సార్, మీ కవర్లో ఉన్న పళ్ళెవరివి?"

"డాక్టరువి."

"ముందుపళ్ళు లేకుండా ‘క’ అనొచ్చు. అది గొంతులో పుడుతుంది. ‘మ’ పెదాల్లో పుడుతుంది. ‘ర’ అంగిట్లో తిరుగుతుంది. కెమెరా అనాలనుకుంటే ఆయన శుభ్రంగా కెమెరా అనేవారే. ఆయన నోట్లోంచి రానిది మొదటి అక్షరం. నాలిక పైపళ్ళకి తగిలితేగానీ పుట్టని అక్షరం. మీరే పళ్ళు ముట్టకుండా ‘త’ అని చూడండి."

హాల్లో అందరూ నాలికలు లోపలికి లాక్కుని ప్రయత్నించారు. అరవైమంది ఒక్కసారి ‘హ, హ’ అన్నారు. బయట నిలబడినవాళ్ళకి లోపల నవ్వులాట అనిపించి ఉంటుంది.

"త పోతే మిగిలింది ఆమర. త పెడితే..."

"తామర!" అన్నాడు కాంపౌండరు, తన నోట్లోంచే ఊడిపడినట్టు.

"తమరా?" ప్రెసిడెంటు కుర్చీలోంచి లేచిపోయాడు. "నేనా? నేను ఆ గుమ్మమే తొక్కలేదంటే!"

హాల్లో తలలన్నీ వేదిక వైపు తిరిగాయి.

"తమరు కాదండీ, తామర," అన్నాడు దుర్భిణి నెమ్మదిగా. "చెరువులో పూసేది కాదు, చర్మంమీద పూసేది. తమరు కూర్చోండి." ప్రెసిడెంటు కూర్చున్నాడు. దుర్భిణి జనంవైపు తిరిగాడు. "ఎవరు బాబూ అని అడిగితే డాక్టరుగారు మనిషి పేరు చెప్పలేదు. మనుషుల మీద నేరం మోపడం ఆయనకి అలవాటు లేదు. రోగం పేరు చెప్పారు. రోగాన్ని పట్టుకుంటే మనిషి దొరుకుతాడని. కాంపౌండరుగారూ, ఈ దీపం సంగతి అందరికీ చెప్పండి."

కాంపౌండరు ముందుకొచ్చాడు. "తామర పట్టిన కుక్క వెంట్రుక చీకట్లో ఈ దీపంకింద లేతాకుపచ్చగా మెరుస్తుందండి. అన్నిరకాల తామరా మెరవదు గానీ, కూనల్ని ఎక్కువగా పట్టే రకం మెరుస్తుంది. అది కుక్కనుంచి కుక్కకీ, కుక్కనుంచి మనిషికీ అంటుతుంది. ఎత్తుకున్నవాళ్ళ బట్టలకి వెంట్రుకలు అంటుకుంటాయి."

"ఆ కూనని బోనులోంచి ఎత్తుకుపోయినవాడే డాక్టరుగారిని తోసినవాడు," అన్నాడు దుర్భిణి. "తెరలు కట్టండి."

కిటికీలు మూసుకుపోయాయి. నీలం వెలుగు వెలిగింది.

"ముందు నామీద వెయ్యరా," అంది పప్పీలత్త చీకట్లోంచి.

వేశాడు. ఆవిడ చీరమీద అక్కడక్కడ తెల్లగా, నీలంగా మెరిసింది. "అది నూలుపోగు మెరుపండి, తామర కాదు," అన్నాడు కాంపౌండరు. దుర్భిణి వేదికమీదికి వెళ్ళాడు. ప్రెసిడెంటు చొక్కా మీద, భుజాలమీద, చేతులమీద దీపం తిప్పాడు. ఏమీ లేదు. ఉతికిన మల్లెపువ్వు.

"పొద్దుటినుంచి ఇదే చొక్కానా?"

"మార్చుకోకూడదని చట్టం ఉందా?" ఆయన గొంతులో ధైర్యం తిరిగొచ్చింది.

"అయిందా నీ దీపాల వేషం?" ఇన్‌స్పెక్టరు బూట్లు టకటకలాడించుకుంటూ వేదిక ఎక్కాడు. "ఇలా ఇయ్యి ఆ దీపం!"

చెయ్యి చాపాడు.

చాపిన చెయ్యి మోచేతినుంచి మణికట్టుదాకా ఆకుపచ్చగా మెరిసింది. పచ్చిజామకాయ రంగు మిణుకులు. గుండెమీద జేబు దగ్గర ఇంకా దట్టంగా.

హాల్లో ఎవరో కెవ్వుమన్నారు. పోలీసులిద్దరూ తమ అధికారికి చెరో అడుగు దూరం జరిగారు. ఇన్‌స్పెక్టరు తన చెయ్యి తనది కానట్టు చూసుకున్నాడు.

"సార్," అన్నాడు దుర్భిణి, "మీ ఇంట్లో దిగిన ఆ తెల్లజుట్టు చుట్టం ఎవరు?"

"కు... కుక్కపిల్ల. మా పాపకి."

"ఎక్కడిది?"

ఇన్‌స్పెక్టరు మెల్లగా ప్రెసిడెంటు వైపు తిరిగాడు. "పొద్దున్న నేను డ్యూటీకి వస్తుంటే సందు మొగలో ఎదురయ్యారు. కోటు లోపల ఏదో కదులుతోంది. ఏమిటండీ అన్నాను. కోటు విప్పి, ‘మీ పాప కోసమే తెస్తున్నానండీ’ అన్నారు. జీపు తిప్పి ఇంట్లో దింపి వచ్చాను. మూతిమీద బోడిగా ఉందేమిటంటే, తోడుపిల్లలు కొరికాయన్నారు."

"ఆస్పత్రి సందే కదా సార్?"

ఇన్‌స్పెక్టరు తల ఊపాడు. పోయిన కూన కోసం పొద్దుటినుంచి తన మనుషుల్ని నాలుగు వైపులా తిప్పుతున్నాడు. కూన తన ఇంట్లో, తన కూతురి ఒళ్ళో ఉంది.

"అది నా కెనెల్ పిల్ల!" అని అరిచాడు ప్రెసిడెంటు. "నాది నేనిచ్చుకున్నాను! డాక్టరు బోనులోదని రుజువేమిటి?"

"రుజువక్కర్లేదండీ. మీదైతే మీ కెనెల్‌లో తామర ఉంది. మీది కాకపోతే బోనులోంచి తెచ్చారు. ఏది కావాలో తమరే కోరుకోండి."

ప్రెసిడెంటు తలుపు వైపు చూశాడు.

"తెరలు తియ్యండి," అన్నాడు దుర్భిణి. వెలుతురొచ్చింది. "మచ్చలేని మనిషి కదా. ఆ చొక్కా చెయ్యి ఒక్కసారి మడిచి చూపిస్తే మేమంతా దండం పెట్టి వెళ్ళిపోతాం."

ఆయన గుండీని గట్టిగా పట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరే వెళ్ళి ఆ చెయ్యి విడదీసి, గుండీ తెంచి, చొక్కా పైకి తోశాడు. ముంజేతిమీద మచ్చ ఉంది. ఎర్రగా, గుండ్రంగా, అంచు ఉబ్బి, మధ్యలో తేరుకుని, సంఘం ముద్రంత సైజులో ఉంది.

"అది ఇవాళ్టిది కాదండి," అన్నాడు కాంపౌండరు. "అంటుకున్నాక పైకి తేలడానికి వారమైనా పడుతుంది. ఆ కెనెల్‌లో ఎప్పట్నుంచో ఉంది."

"ఈ చేత్తోనే మా అందరికీ గుర్తింపు ఇద్దామనుకున్నావా నాయనా?" అంది పప్పీలత్త.

ప్రెసిడెంటు తల దించుకునే చెప్పాడు. తను అమ్మిన కూన ఆస్పత్రిలో ఉందని తెలిసి, బతిమాలడానికే వెళ్ళాడట. మీటింగయ్యేదాకా కూన సంగతి చెప్పొద్దన్నాడట. ‘అబద్ధం చెప్పడం నాకు చేతకాదండీ, క్షమించాలి’ అన్నాడట డాక్టరు. ఆ ‘అండీ’ వినేసరికి ఒళ్ళు మండిపోయిందట.

ఇన్‌స్పెక్టరు ఆయన్ని పోలీసులకి అప్పగించి, వ్యాను వెనక్కి పంపించెయ్యమన్నాడు. పప్పీలత్త అప్పుడు కూర్చుంది.

"గుర్తింపు ఉండాల్సిందేరా," అంది దుర్భిణితో. "డాక్టరు లేచాక ముందు నా పదముగ్గురినీ చూపిస్తాను. మడతలవాళ్ళతో సహా. తోలు మాట వెనక్కి తీసుకున్నానని ఆయనకి చెప్పు."

హాలు మధ్యలో ఊడ్చే ఆవిడ ఇంకా తేలనట్టు నిలబడి ఉంది. "అయితే నేను విన్నదీ తప్పు కాదు, ఈయన విన్నదీ తప్పు కాదన్నమాట. ఆయన అన్నదే సగం."

"అంతేనమ్మా. ఆయన తామర అన్నారు. త పళ్ళతోపాటు కిందపడింది. దూదిలేని చెవిలోకి ఆమేరాగా వెళ్ళింది, కాంపౌండరుగారి చెవిలోకి కెమెరాగా వెళ్ళింది, ప్రెసిడెంటుగారి చెవిలోకి తమరుగా వెళ్ళింది. ఎవరి భయం వాళ్ళకి వినబడింది."

కాంపౌండరు ఆవిడ చీపురు అందుకుని మర్యాదగా ఇచ్చాడు. అందరూ లేవబోతుండగా ఇన్‌స్పెక్టరు ఒక్కసారి తల పట్టుకున్నాడు. పాప గుర్తొచ్చింది. పొద్దుటినుంచీ కూన ఆ పిల్ల బుగ్గకి బుగ్గ ఆనించుకునే ఉంది. ఫోను తీసి, హాలంతా వింటున్నదన్న స్పృహ కూడా లేకుండా అరిచాడు.

"ఏమేవ్! పాపని ఆ కుక్కపిల్ల దగ్గర్నుంచి లాగెయ్యి! తామర! తామర!"

ఫోనులోంచి భార్య గొంతు తాపీగా, అందరికీ వినబడేలా వచ్చింది. "కెమెరానా? పొద్దుటినుంచీ ఫోటోలే తీస్తున్నానండీ. ముద్దుపెట్టుకుంటున్నది భలే వచ్చింది, పంపించనా?"

"కెమెరా కాదే! తామర! పళ్ళన్నీ ఉన్నవాణ్ణి చెబుతున్నాను, సరిగ్గా విను!"